వాసవి కుడికన్ను

నన్ను ఎవరైనా మెచ్చుకుంటే నాకు అక్కణ్ణుంచి లేచి పోవాలనిపిస్తుంది. ఇది వినయం కాదు. అంత వినయమే ఉంటే ఇవాళ కూర్చుని ఇది రాసే అవసరమే వచ్చేది కాదు. మా బంధువుల్లో పెళ్ళి జరిగినా, పేరంటం జరిగినా, ఆఖరికి ఎవరింట్లో కర్మ జరిగినా నన్ను చూపించి ఒక మాట అంటారు. "ఈయన కనిపెట్టకపోయింటే ఆ పాప రెండు కండ్లూ పోయేవి." ఆ మాట వినగానే తల వంచుకుంటాను. దాన్ని వాళ్ళు పెద్దమనిషితనం అనుకుంటారు. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఆ మాటే. మా వాళ్ళలో ఒక్కరి ముందు కూడా నాకు నోరు పెగల్లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను.

కర్నూల్లో నాకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఏ వీధిలోనో చెప్పను. బురుజు దగ్గర్నుంచి నడిచి రావచ్చు, అంతే. మేము తరతరాలుగా వ్యాపారస్తులం. మా నాయన నూనెలు అమ్మేవాడు. ఇంట్లో నేనొక్కణ్ణే కొంచెం వేరే దారి పట్టి, కంటి పరీక్ష చేసే కోర్సు చదివి వచ్చి దుకాణం తెరిచాను. డాక్టర్ని కాను. అయినా మా వాళ్ళంతా నన్ను "కండ్ల డాక్టరు" అనే పిలిచేవాళ్ళు. మొదట్లో కాదు కాదని చెప్పేవాణ్ణి. తర్వాత చెప్పడం మానేశాను. ఆ పిలుపు అలవాటైంది. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు అక్కడే మొదలైందేమో అనిపిస్తుంది. నాది కాని బిరుదు తగిలించుకున్నాను. తగిలించుకున్నాక దాన్ని నిలబెట్టుకోవాలి కదా?

అయితే ఒకటి నిజం. ఆ పని అంటే నాకు ప్రాణం. రెటినోస్కోప్ అని మా దగ్గర చేతిలో పట్టుకునే చిన్న పరికరం ఉంటుంది. గదిలో దీపం ఆర్పి, ఎదుటి మనిషి కంట్లోకి దాంతో సన్నటి వెలుగు గీత పంపిస్తాం. లోపల్నుంచి ఎర్రటి కాంతి తిరిగొస్తుంది. గీతను అటూ ఇటూ జరిపితే కాంతిలో ఒక నీడ కదులుతుంది. కంటి ముందు అద్దాలు మారుస్తూ ఆ నీడ కదలకుండా చేస్తే, అదే ఆ మనిషి నంబరు. ఎదుటివాళ్ళు నోరు విప్పి ఏమీ చెప్పనక్కర్లేదు, కన్ను దానంతటదే చెప్పేస్తుంది. ఓర్వకల్లు వైపు పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్ళ కళ్ళలో కూడా, ఎండకూ దుమ్ముకూ ముడతలు పడ్డ రెప్పల వెనక, అదే ఎర్రటి వెలుగు కనపడేది. ఎన్ని వేల కళ్ళు చూసినా నాకు ఆ ఆశ్చర్యం తీరలేదు. దేవుణ్ణి గుళ్ళో చూశానని చెప్పలేను గానీ, ఆ చీకటి గదిలో మాత్రం ఒక్కోసారి చేతులు జోడించాలనిపించేది. అలాంటి పని చేతిలో ఉన్నవాణ్ణి నేను. అది మీకు తెలియాలి. తెలిస్తేనే నేను చేసింది ఎంత పాపమో అర్థమవుతుంది.

మా అక్కను మైదుకూరులో ఇచ్చారు. బావది పసుపు వ్యాపారం. ఇంటి ముందు భాగమే గోడౌను. వాళ్ళ ఇంట్లో గోడలూ బట్టలూ తువ్వాళ్ళూ అన్నీ కాస్త పసుపుగానే ఉంటాయి. వాళ్ళ కూతురు, నా మేనకోడలు. అసలు పేరు రాయను. మా కులంలో ఇంటికో వాసవి ఉంటుంది కాబట్టి వాసవి అనే అంటాను, మీరు వెతికినా దొరకదు. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ కళ్ళ దురద. ఎప్పుడు చూసినా పిడికిళ్ళతో రెండు కళ్ళూ నులుముకుంటూ ఉండేది. పసుపు దుమ్ము పడదులే అనుకున్నాం. "నులమాకే, నులమాకే" అని మా అక్క రోజంతా అరుస్తూనే ఉండేది. ఆ నులుముడు కంటి పైపొరను ఎంత చెడగొడుతుందో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. అది నా తప్పుల్లో వేయను. వేయాల్సినవి వేరే చాలా ఉన్నాయి.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. ఎండాకాలం సెలవులకు అక్కావాళ్ళు కర్నూలు వచ్చారు. వాసవి అప్పుడు హైస్కూల్లో ఉంది. ఒక మధ్యాహ్నం అందరూ కలిసి దుకాణానికి వచ్చారు. అక్క, బావ, మా ఆవిడ, మా పిన్ని, ఇంకా ఎవరెవరో. ఇంట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి పెట్టారు, నన్ను తినడానికి తీసుకుపోవడానికి వచ్చారు. అక్క కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"రేయ్, ఇది బోర్డు కనపడలేదని ఒకటే గోల చేస్తాంది. దీని స్నేహితురాలు కండ్లజోడు పెట్టుకునిందంట. దీనికి షోకు పట్టిందని మీ బావ అంటాడు. నిజమో అబద్ధమో తేల్చు."

ఇలాంటి పిల్లలు మా దుకాణాలకు చాలామంది వస్తారు. వాళ్ళ కోసం మా దగ్గర ఒక చిట్కా ఉంటుంది. పరీక్ష ఫ్రేములో పవర్ లేని ఒట్టి గాజు పెడతాం. "ఇప్పుడు చూడు, ఎంత బాగా కనపడుతుందో" అంటాం. పిల్ల "అవును, బాగా కనపడుతోంది" అందంటే నాటకం అన్నమాట. అందరూ నవ్వుతారు, పిల్ల సిగ్గుపడుతుంది, పని అయిపోతుంది. అసలు పరీక్ష చేశాక, ఇంకా అనుమానం ఉంటే చేయాల్సిన చిట్కా అది. నేను ముందే చేశాను. ఆకలేస్తోంది, ఓళిగలు చల్లారిపోతున్నాయి, చుట్టూ మా వాళ్ళున్నారు. కాస్త తమాషా చేద్దామనుకున్నాను.

ఫ్రేము పిల్ల ముక్కు మీద పెట్టి, ఒట్టి గాజులు జారవిడిచి, నవ్వుతూ అడిగాను. "ఏం పాపా, ఇప్పుడు బాగా కనపడతాండాదా?"

అది ఒక్క క్షణం ఆగింది. నా మొహం వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది. "బాగా కనపడతాండాది మామా" అంది.

నేను పగలబడి నవ్వాను. ఫ్రేములోంచి గాజు తీసి అందరికీ చూపించాను. "ఇందులో ఏమీ లేదు! కిటికీ అద్దం ఇది!" దుకాణమంతా నవ్వులు. బావ తొడ చరిచి, "నాటకాల పిల్ల! నేను చెప్పలే?" అన్నాడు. ఆ పేరు దానికి అలాగే అంటుకుపోయింది. తర్వాత అది నిజంగా తలనొప్పి అని చెప్పినా, కళ్ళు తిరుగుతున్నాయని చెప్పినా, "మళ్ళా మొదలుపెట్టింది నాటకాల పిల్ల" అనేవాళ్ళు. ఒకసారి లెక్కల్లో తక్కువ వచ్చి, బోర్డు కనపడలేదని చెప్పబోతే బావ చెయ్యి చేసుకున్నాడని తర్వాత తెలిసింది. అది నా మాట వల్ల పడ్డ దెబ్బే.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. నెత్తి మీద కళ్ళు పెట్టుకుని చేసిన పొరపాటు, కానీ పొరపాటే. ఇక్కడితో ఆగి ఉంటే నేను ఇవాళ నిద్రపోయేవాణ్ణి.

ఆ దసరా సెలవులకు వాసవి ఒక్కతే మా ఇంటికి వచ్చింది. మిట్టమధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేరు. వచ్చి గడప దగ్గరే నిలబడి అడిగింది. "మామా, ఇంకొకసారి చూస్తావా? నవ్వద్దు." ఆ "నవ్వద్దు" అన్న మాటకు నాకు కాస్త జాలేసింది. లోపలికి రమ్మని, గదిలో దీపం ఆర్పి, ఈసారి రెటినోస్కోప్ తీశాను.

ఎర్రటి వెలుగు వచ్చింది. గీత జరిపాను. నీడ కదల్లేదు. కదల్లేదంటే, కదలాల్సినట్టు కదల్లేదు. ఒక నీడ రెండుగా చీలి, రెండూ ఎదురెదురుగా వచ్చి కలుసుకుని, మళ్ళీ విడిపోయాయి. కత్తెర తెరిచి మూసినట్టు. మళ్ళీ జరిపాను. మళ్ళీ అదే. కుడికంట్లో బాగా, ఎడమకంట్లో కొంచెం. కోర్సులో మా సారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తొచ్చింది. కత్తెర నీడ కనపడితే అది కెరటోకోనస్. కంటి ముందుండే గాజులాంటి పొర, కార్నియా, పలచబడిపోయి నిమ్మకాయ మొనలాగా ముందుకు పొడుచుకొస్తుంది. పెరిగే వయసులో అది కూడా పెరుగుతూ పోతుంది. మీరు చూడకండి, పెద్దాసుపత్రికి పంపండి. ఇదీ ఆయన చెప్పింది.

భయం వేసింది. దాంతో పాటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది, పుస్తకంలో చదివింది కళ్ళారా చూశానన్న ఒక వింత సంతోషం కూడా కలిగింది. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటి వెనకే మూడోది వచ్చింది. ఇది బయట పెడితే ఎండాకాలంలో నేను చేసిన తమాషా సంగతేమిటి? అందరి ముందూ గాజు ఎత్తి చూపించి నవ్విన కండ్ల డాక్టరు సంగతేమిటి?

దీపం వేశాను. "నంబరు వచ్చింది పాపా, అద్దాలు చేసిస్తా" అన్నాను. దాని మొహం వెలిగిపోయింది. అక్కకు ఫోన్ చేసి, "కొంచెం సిలిండర్ పవర్ వచ్చింది, ఇప్పుడే వచ్చింది" అన్నాను. సిలిండర్ అంటే పొరలో చిన్న వంకర ఉంటే వేసే మామూలు నంబరు. ఆ "ఇప్పుడే" అన్న మాట నోట్లోంచి ఎంత సులువుగా జారిపోయిందో! ఎండాకాలంలో లేదు, ఇప్పుడే వచ్చింది. ఒక్క మాటతో నన్ను నేను కడిగేసుకున్నాను.

నాకు నేను చెప్పుకున్న సాకు కూడా వినండి. ఆ రోజుల్లో దీన్ని ఆపే మందు లేదని నేను చదువుకున్నాను. ముదిరేదాకా అద్దాలు, ముదిరాక గట్టి కాంటాక్ట్ లెన్సులు, ఇంకా ముదిరితే వేరేవాళ్ళ కంటిపొర తెచ్చి కుట్టడం. అంతే. ఆపలేని దాన్ని ముందే చెప్పి ఇంట్లోవాళ్ళను ఏడిపించడం ఎందుకు? పెళ్ళి కావాల్సిన పిల్ల, ఊరంతా గుడ్డిది అంటారు. ఎంత బాగుందో చూడండి నా సాకు! దాంట్లో నేనెక్కడా లేను. అంతా పిల్ల మేలే.

తర్వాత వాసవి కడపలో పాలిటెక్నిక్‌లో చేరింది. సివిల్. ఇళ్ళ ప్లాన్లు గీయడమంటే దానికి పిచ్చి. చిన్నప్పుడు గోడౌన్లో పసుపు బస్తాలు ఎలా పేరిస్తే దారి మిగులుతుందో బొగ్గుతో నేల మీద గీసి వాళ్ళ నాన్నకు చూపించేది. సెలవులకు వచ్చినప్పుడల్లా నంబరు మారేది. సిలిండర్ పెరిగేది, దాని కోణం తిరిగేది. నేను అద్దాలు మార్చేవాణ్ణి. ఒకసారి మా మిద్దె మీద నిలబడి అడిగింది. "మామా, నీకు చందమామ ఒకటే కనపడతాడా? నాకు గుత్తి మాదిరి కనపడతాడు. శానా బాగుంటాది." అది భయపడలేదు, మురిసిపోయింది. అందరికీ ఒక్క చందమామే ఉంటాడని తెలిసి కొంచెం నిరాశపడింది కూడా. అది ఆ జబ్బు చూపించే బొమ్మేనని తెలిసీ, "నీకు చదువు ఎక్కువైందిలే" అన్నాను. ఆ జవాబు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక అసలు పాపానికి వస్తాను.

కర్నూల్లో మా కళ్ళజోళ్ళ వాళ్ళందరినీ పిలిచి ఒక హోటల్లో సమావేశం పెట్టారు. హైదరాబాదు నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చి తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడాడు. మాలో సగంమంది భోజనం కోసం వచ్చినవాళ్ళమే. ఆయన ఉన్నట్టుండి కెరటోకోనస్ గురించి మొదలుపెట్టాడు. దీన్ని ఇప్పుడు ఆపొచ్చు అన్నాడు. నేను ముందుకు వంగాను. కార్నియా పైపొర తీసి, పసుపు రంగు విటమిన్ చుక్కలు నింపి, దాని మీద అల్ట్రావయొలెట్ వెలుగు వేస్తారట. ఆ చుక్కలూ ఆ వెలుగూ కలిసి పొర లోపలి పోగుల మధ్య కొత్త ముడులు వేస్తాయట. మెత్తబడ్డది గట్టిపడుతుందట. పోయిన చూపును అది తిరిగి తేదు, ఉన్న చూపును కాపాడుతుంది. "కానీ పొర మరీ పలచబడితే ఇది చేయలేం, వెలుగు లోపలికి దిగి కన్ను పాడవుతుంది. అందుకే నంబరు మాటిమాటికీ మారే పిల్లలు వస్తే అద్దాలు మారుస్తూ కూర్చోకండి, వెంటనే పంపండి" అన్నాడు.

వెలుగుతో కన్ను కాపాడతారంటే నాకు ఒళ్ళు జలదరించింది. జీవితమంతా కంట్లోకి వెలుగు పంపించి చూడటమే నా పని. ఆ వెలుగే వైద్యం కూడా చేస్తుందా? ఆ నిమిషంలో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజం. బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. అక్క ఎత్తింది. పసుపు ఉడకబెట్టే పని గురించి చెప్పింది. నేను ధర గురించి అడిగాను. బావ మోకాలు నొప్పి గురించి అడిగాను. పెట్టేశాను.

ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న వేసుకుంటూనే ఉన్నాను. చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి, ఎప్పుడు తెలిసిందో చెప్పాలి, అన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావని అక్క అడుగుతుంది, అడక్కపోయినా అలా చూస్తుంది. పాప పరీక్షలు అయిపోనీ అనుకున్నాను. శివరాత్రికి వాళ్ళు శ్రీశైలం పోతారు, పోయి రానీ అనుకున్నాను. మనసులో మాత్రం ఒకటే కోరిక. ఇంకెవరైనా కనిపెడితే బాగుండు. కాలేజీలో కంటి శిబిరం పెడితే బాగుండు. ఎవరో ఒకరు చెప్తే, "అవునా! పదండి పదండి" అని నేను ముందు నడవొచ్చు. అలా కూర్చున్నాను. తెలిసీ కూర్చున్నాను. పసుపు తవ్వకాలు అయిపోయాయి, ఎండలు వచ్చాయి, ఎండలు పోయాయి.

చివరికి వాసవే ఫోన్ చేసింది. డ్రాయింగ్ పరీక్షలో కుడికంటికి గీతలే కనపడలేదని, ఎడమకన్ను మూస్తే కాగితం అంతా అలుక్కుపోయినట్టుందని ఏడ్చింది. అప్పుడు లేచాను. అక్కతో, "నాకేదో అనుమానంగా ఉండాది, హైదరాబాదు పోదాం పా" అన్నాను. గొంతు గంభీరంగా పెట్టాను. మా వాళ్ళంతా ఎంత చురుకో అనుకున్నారు.

ఆ ఆసుపత్రిలో కంటి పటం తీశారు. కొండల ఎత్తుపల్లాలు చూపించే పటంలాగా రంగులు, పొడుచుకొచ్చిన చోటల్లా ఎరుపు. ఎడమకన్ను ఆకుపచ్చగా, కింద కొంచెం ఎరుపు. కుడికన్ను నడుమ ముద్దగా ఎరుపు. డాక్టరమ్మ ఎడమకన్నుకు వైద్యం చేస్తామంది. కుడిది పొర చాలా పలచబడింది, చేయడానికి వీలులేదు, ఇక లెన్సులూ తర్వాత ఆపరేషనే అంది. "కొన్ని నెలలు ముందొచ్చి ఉంటే ఇదీ చేసేవాళ్ళం" అని మామూలు గొంతుతోనే చెప్పి, "ఎవరు కనిపెట్టారు?" అని అడిగింది. వాసవి నా చెయ్యి పట్టుకుని "మా మామ" అంది. అక్క అక్కడే నా కాళ్ళకు వంగబోయింది. అక్క నాకన్నా పెద్దది. పట్టుకుని లేపాను.

నేను కళ్ళ పని తెలిసినవాణ్ణని వైద్యం చేసేటప్పుడు గదిలో ఓ మూల నిలబడనిచ్చారు. గౌను తొడిగి, కళ్ళకు రంగు అద్దాలు పెట్టారు. వాసవి మెలకువగానే ఉంది, కంటికి మాత్రం మత్తు చుక్కలు వేశారు. పైపొర సున్నితంగా తీశారు. పసుపు చుక్కలు ఒక్కొక్కటిగా పడుతూనే ఉన్నాయి, చాలాసేపు. నల్లగుడ్డు మీద బంగారు పూత పూసినట్టయింది. తర్వాత నీలం వెలుగు వేశారు. ఆ వెలుగు తగలగానే కన్నంతా లేత ఆకుపచ్చగా మెరిసింది. కోత లేదు, కుట్టు లేదు. వదులైన నులకమంచాన్ని మా తాత ఒక్కో పేటా లాగి బిగించేవాడు, అలాంటిదేదో ఆ కంటిలో కనపడకుండా జరుగుతోంది. మనిషి ఇంత కనిపెట్టాడా అనుకున్నాను. ఒక విటమినూ, కొంచెం వెలుగూ! అంత గొప్పదాన్ని నేను నా జీవితంలో చూడలేదు, ఇక చూడను. చేతులు వాటంతటవే కలిశాయి. ఆ పక్కనే, గుడ్డ కప్పిన కుడికన్ను. దానికి కూడా ఈ వెలుగు దక్కాల్సింది. దక్కకుండా చేసినవాడు చేతులు జోడించి నిలబడ్డాడు.

మరుసటి రోజు ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం, నేనూ వాసవీ. అక్కావాళ్ళు మందుల కోసం వెళ్ళారు. ఎడమకంటికి కట్టు ఉంది. లోపల మంట, నీళ్ళు కారుతున్నాయి. అది నా వైపు తిరిగి, ఆ చెడిన కుడికంటితోనే నన్ను చూసే ప్రయత్నం చేస్తోంది.

"మామా, ఒకటి చెప్తే తిట్టవు గదా?"

"చెప్పు పాపా."

"శానా ఏండ్ల కిందట నువ్వు ఒట్టి అద్దాలు పెట్టి కనపడతాండాదా అని అడిగితివి గదా. నాకేమీ కనపడలే మామా. నువ్వు నవ్వుతా అడిగితివి, అందరూ చూస్తాండిరి. కనపడలేదంటే నీ అద్దాలు బాగలేవన్నట్టు అయితాదేమో అనుకుంటి. అందుకే కనపడతాండాది అంటి." కన్ను తుడుచుకుంది. "నేను ఆ పొద్దు నిజం చెప్పింటే నువ్వు అప్పుడే పట్టుకునేటోడివి. ఈ కన్ను కూడా మిగిలేది. నీకు చెడ్డపేరు రాకూడదని చెప్పిన అబద్ధం మామా, కానీ అబద్ధమే గదా. తప్పు నాదే."

నేను చెప్పొచ్చు. అంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. పక్కన ఎవరూ లేరు. నోరు తెరిచాను.

"పోనీలే పాపా" అన్నాను. "చిన్నపిల్లవి. అప్పుడు నీకేం తెలుసు?"

"నామీద కోపం లేదా మామా?"

"లేదు. మర్చిపో."

దాని తల మీద చెయ్యి వేసి నిమిరాను. అది పెద్దగా ఊపిరి వదిలి, తల నా భుజానికి ఆనించింది. నేను దాన్ని క్షమించాను! అర్థమైందా మీకు? కన్ను పోగొట్టినవాడు, కన్ను పోయినదాన్ని క్షమించాడు. నీడను చూసి దాచినప్పుడు పిరికివాణ్ణి. సమావేశం నుంచి వచ్చి ఊరుకున్నప్పుడు ఇంకా నీచుణ్ణి. కానీ ఆ బల్ల మీద నేను ఏమయ్యానో చెప్పడానికి నాకు మాట దొరకలేదు. దొంగకు కాపలా అప్పగించినట్టు అంటారు. నేను అంతకు మించి, ఇల్లు దోచుకుని, గడియ సరిగ్గా వేయలేదని ఇంటివాళ్ళను ఓదార్చాను.

ఎడమకన్ను ఆగింది. అది మాత్రం చెప్పాలి. ఏటా వచ్చి నా దుకాణంలో చూపించుకుంటుంది. గదిలో దీపం ఆర్పి వెలుగు గీత జరుపుతాను. నీడలో పాత వంకర ఉంది, కానీ పెరగలేదు. ఏ ఏడు చూసినా అదే నంబరు. పరుగెత్తే జబ్బును ఒక వెలుగు నిలబెట్టేసింది. కుడికంటికి గట్టి లెన్సు కొన్నాళ్ళు పెట్టింది, ఓర్చుకోలేకపోయింది. తర్వాత ఎవరో మహానుభావుడు పోతూ ఇచ్చిన పొర వేశారు. కొన్నాళ్ళు బాగుండి మసకబారింది. ఇప్పుడు దాంతో మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. చదువు ఆలస్యంగానైనా పూర్తిచేసి, పెళ్ళయి కడపలోనే స్థిరపడి, ఇళ్ళ ప్లాన్లు గీస్తోంది. పని మంచిదని పేరు కూడా ఉంది. గీసేటప్పుడు తల కాస్త ఒక పక్కకు వంచుకుంటుంది.

ఈమధ్య ఓ పెళ్ళిపని మీద కడప పోయి వాళ్ళింట్లో దిగాను. వాసవి కూతురు బళ్ళో ఏదో విరగ్గొట్టి, "నేను కాదు" అని చెప్పి దొరికిపోయిందట. వాసవి దాన్ని కొట్టలేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన కుడికన్ను చూపించి చెప్పింది. "చూడు, ఇది ఎట్లా పోయిందో తెల్సా? బడికి పోయేటప్పుడు నేను మామతాతకు ఒక అబద్ధం చెప్పినా. అందుకే పోయింది. ఎన్నడూ అబద్ధం చెప్పద్దు." ఆ పిల్ల బెదురుగా ఆ కన్ను వైపూ, ఎదురుగా కుర్చీలో కూర్చున్న నా వైపూ చూసింది. వాసవి కూడా నా వైపు తిరిగి నవ్వింది. "అవును గదా మామా?" అంది.

నేను తల ఊపాను.

ఆ రోజే ఇది రాయాలనుకున్నాను. వాసవికి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు, వస్తుందని మాట ఇవ్వలేను. అందుకని మీకు చెప్తున్నాను, కనీసం ఒక్క మనిషికైనా నిజం తెలిసి ఉండాలని. వాసవి చెప్పిన అబద్ధం వల్ల కన్ను పోలేదు. ఆ అబద్ధాన్ని అది ఆ వయసులో, నా మర్యాద కాపాడటానికి చెప్పింది. ఆ తర్వాత ఆరు నెలలు తిరక్కముందే నేను నా కళ్ళతో జబ్బును చూశాను. చూసి దాచాను. వైద్యం ఉందని తెలిశాక కూడా దాచాను. వాసవి కుడికన్ను నా వల్ల పోయింది.